అప్ప అడిగిన వీడియో

మొన్న పొందూరు నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడి కూతురి పెళ్ళి కుదిరింది, సంతోషం. అయితే ఇంట్లో వీడియో దగ్గర తగువు నడుస్తోందట. స్టూడియో వాళ్ళు రెండు కెమేరాలు కింద తిరుగుతాయి, ఒకటి పైన ఎగురుతుంది అని చెప్పారట, పెళ్ళికూతురికి అది కావాలట, మా మరదలికి ఆ ఎగిరేది పందిట్లో ఎవరి నెత్తిన పడుతుందోనని బెంగట. చివరికి వాడు తనకి చేతనైన పని చేశాడు, అంటే నిర్ణయాన్ని నా నెత్తిన పెట్టాడు. "నువ్వే సెప్పు సిన్నప్పా, నువ్వెలాగంటే అలాగే" అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటాం, వాడికి నేను చిన్నప్పని. రేపు చెప్తానురా అని ఫోన్ పెట్టేసి, లేచి వెళ్ళి బీరువా తెరిచాను.

పట్టుచీరల అడుగున, పాత దిండుగలీబులో చుట్టిన రెండు డీవీడీలున్నాయి. పెట్టె మీద అట్టబొమ్మలో మా పెద్దమ్మాయీ అల్లుడూ తామరపువ్వులో కూర్చుని ఉంటారు. చూద్దామంటే మా ఇంట్లో వాటిని తిప్పే యంత్రం లేదు. టీవీ మారినప్పుడు అది అటకెక్కింది, అటక దులిపినప్పుడు పాత సామాన్లవాడి బండెక్కింది. నా ఈడు వాళ్ళకి ఈ బాధ చెప్పనక్కర్లేదు. ఎందరిళ్ళలోనో ఇలాంటి పళ్ళేలు ఇప్పుడు పెరట్లో పిట్టల్ని బెదరగొట్టడానికి వేలాడుతున్నాయి. నేను మాత్రం ఆ రెండిట్లో రెండోదాన్ని ఎవరికీ ఇవ్వను. అందులో మా అప్ప ఉంది, కొన్ని క్షణాలపాటు. ఆ కొన్ని క్షణాల కథే ఇది.

రెండువేల పది దాటిన కొత్తలో మా పెద్దమ్మాయి పెళ్ళి కుదిరింది. మా ఆయనకి విజయనగరం బజారులో కిరాణా దుకాణం. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు గానీ, సరుకులతో బతికేవాళ్ళకి పెళ్ళిలో సగం భయం తగ్గిపోతుంది. మండపం కుదిరింది, వంటవాళ్ళు కుదిరారు, వియ్యాలవారు శ్రీకాకుళం వైపు వాళ్ళు, నెమ్మదస్తులు, దేనికీ పేచీ పెట్టలేదు. అన్నీ ఇట్టే తేలిపోయాయి, వీడియో ఒక్కటి తప్ప. మా ఆయన ఆ మాటెత్తితే చాలు, మిరపకాయ కొరికినట్టు అయ్యేవారు.

దానికి కారణం మా మరిది పెళ్ళి. క్యాసెట్ల కాలం నాటి మాట అది. మా ఊళ్ళో వీడియో పెట్టిన మొదటి పెళ్ళిళ్ళలో అదొకటి. తాళి కట్టే సమయానికి కెమేరా దీపం కాస్తా పుటుక్కున ఆరిపోయింది. వీడియో తీసే మనిషి "ఆగండాగండి" అని ఒక్క కేక పెట్టాడు. పురోహితుడుగారు హడిలి మంత్రం ఆపేశారు, మేళం వాళ్ళు మేళం ఆపేశారు, మా మరిది అప్పటికే ఒక ముడి వేసేశాడు. దీపం వెలిగాక ఆ మహానుభావుడు, వేసిన ముడి విప్పించి మళ్ళీ మొదటి నుంచీ కట్టించాడు! మా మామగారు పోయేవరకూ ఆ మాట తలుచుకుని తల కొట్టుకున్నారు. ఆ మరిదీ తోటికోడలూ ఇప్పటికీ చిలకాగోరింకల్లా ఉన్నారు, అది వేరే సంగతి. మా ఆయన మాత్రం అప్పుడే ఒట్టు పెట్టుకున్నారు, తన ఇంట్లో ముహూర్తం దేవుడి చేతిలో ఉండాలి గానీ కెమేరావాడి చేతిలో ఉండకూడదని. ఫోటోలు చాలన్నారు. మా అమ్మాయి కూడా సరే అంది. నా పెళ్ళికి దక్కినవి నాలుగే ఫోటోలు, అందులో ఒకదాని నిండా మా మామగారి మోచెయ్యే. కాబట్టి నాకూ వీడియో లేదన్న దిగులేమీ కలగలేదు.

ఇక మా అప్ప. నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్దది. ఇరవై రెండేళ్ళకే మా బావ పోయాడు, పిల్లల్లేరు, పొందూరులో మా పుట్టింటికి తిరిగొచ్చేసింది. నాకప్పుడు పదమూడేళ్ళు. నా తల దువ్వింది, నాకు వంట నేర్పింది, నేను అలిగితే అన్నం పళ్ళెం పట్టుకుని వెనకాల తిరిగింది. నా మొదటి కానుపు తర్వాత నేను మంచం పడితే, వచ్చి రెండేళ్ళు మా ఇంట్లో ఉండి మా పెద్దమ్మాయిని పెంచింది. ఆ పిల్ల మొదటి అడుగు నా వైపు వెయ్యలేదు, అప్ప వైపు వేసింది. అప్పుడు నాకు కాస్త కుళ్ళు కూడా పుట్టింది, ఇప్పుడు దాచుకోవడం దేనికి.

పెళ్ళిళ్ళలో సరుకులు పెట్టే గదిని మావాళ్ళు ఉగ్రాణం అంటారు. మా బంధువర్గంలో ఎవరింట పెళ్ళయినా ఆ గది తాళంచెవి మా అప్ప బొడ్లోకే వెళ్ళేది. పంక్తి లేచిన చప్పుడు వింటే చాలు, గది దాటకుండానే ఇంకెంత నెయ్యి కరిగించాలో, ఎన్ని బెల్లం దిమ్మలు పగలగొట్టాలో చెప్పేసేది. ఆమె ఉగ్రాణంలో ఉంటే కొరతన్న మాట వినపడదని అందరూ పొగిడేవారు, ఆ పొగడ్త విని నేను పొంగిపోయేదాన్ని. అసలు సంగతి మా అందరికీ తెలుసు. భర్త పోయిన ఆడమనిషి ముహూర్తం వేళ పీటల దగ్గర కనపడకూడదు. ఆ మాట పైకి అనడం మొహమాటం కాబట్టి, ఆమె చేతికి తాళంచెవి ఇచ్చి దానికి పెద్దరికమని పేరు పెట్టాం. మా అప్ప తెలివైన మనిషి, ఎవరూ చెప్పకుండానే తాళంచెవి అందుకునేది. నా పెళ్ళిలో తాళి కట్టాక దణ్ణం పెట్టుకుందామని వెతుక్కుంటూ వెళ్తే, శెనగపిండి కొలుస్తూ కనిపించింది. చెయ్యి కొంగుకి తుడుచుకుని నా నెత్తిన పెట్టింది. ఆ పిండి వాసన నాకింకా గుర్తే.

మా అమ్మాయి పెళ్ళికి పది రోజుల ముందే వచ్చేసింది అప్ప. ఒకనాటి పొద్దున్న వెనకవసారాలో ఇద్దరం చేటలు పట్టుకుని కందిపప్పు బాగుచేస్తున్నాం. తలెత్తకుండానే అడిగింది.

"ఒసే, పెళ్ళికి వీడియో పెట్టిస్తన్నారా?"

లేదప్పా, మా ఆయనకి ఇష్టం లేదన్నాను. ఇంకో రెండు చేటల పప్పు అయింది.

"పెట్టిస్తే బాగుణ్ణే" అంది.

నా చెయ్యి ఆగిపోయింది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ అప్ప నోట 'ఇది నాకు కావాలి' అన్న మాట వినలేదు. చీర కొనిస్తే మడత కూడా విప్పకుండా తీసుకునేది. అలాంటిది ఇప్పుడు వీడియో అడగడమేమిటి? నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు, తెలియని సంగతి ఉంటే తిన్నది అరగదు. కొత్త చీరలో తనని తాను చూసుకోవాలన్న కోరికా, పొందూరులో ఇరుగమ్మకీ పొరుగమ్మకీ చూపించుకోవాలనా, లేక మా అమ్మాయి అత్తారింటికి వెళ్ళాక బెంగపడితే చూసుకోవడానికా? ఇవేవీ మా అప్పకి అతకలేదు. రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు నూతి దగ్గర పట్టుకుని అడిగేశాను, ఏటి సూస్తావప్పా అందులో అని. అప్ప దగ్గరుంటే నా నోటికి పుట్టింటి మాటే వచ్చేస్తుంది.

"తాళి కట్టింది సూస్తానే" అంది, చేదకి తాడు చుడుతూ. "మీ బావ పోయినకాణ్ణించీ ఒక్క పెళ్ళిలోనూ సూడ్నేదు. నీది సూడ్నేదు, తమ్ముడిది సూడ్నేదు. ఈ పిల్లని ఈ సేతుల్తో పెంచినాను కదా, దీందైనా సూడాలనున్నాది. టీవీలో సూస్తే ఎవులికీ తప్పు నేదు కదే?"

తప్పేమీ లేదప్పా అన్నాను. అంతమాత్రమే అన్నానని రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ మధ్యాహ్నమే మా ఆయనకి చెప్పాను. భోంచేస్తున్న మనిషి కలిపిన ముద్ద కంచంలో పెట్టేశారు. "అయితే పెట్టిద్దాం. కానీ ఆడు ఒక్కపాలి ఆగమన్నా నేనూరుకోను, కెమేరా కోసం మంత్రం ఆగుతాదేటి?" అన్నారు. పాతికేళ్ళనాటి ఒట్టు వదినగారి మాట మీద అలా గట్టెక్కింది.

గంటస్తంభం దగ్గర ఒక మేడమీద స్టూడియోకి ఇద్దరం వెళ్ళాం. ఆ స్టూడియో ఆయన నలభై దాటిన మనిషి, కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని కంప్యూటరు ముందు కూర్చుని పెళ్ళిళ్ళు అతుకుతున్నాడు. నాకది మహా వింతగా అనిపించింది. ఎవరో పెళ్ళికూతురు చందమామలోంచి తొంగి చూస్తోంది, పెళ్ళికొడుకు కొండల మీంచి నడిచొస్తున్నాడు, తాళి పడగానే తామరపువ్వు విచ్చుకుని ఇద్దర్నీ లోపలికి లాక్కుంటోంది. ఈ పువ్వులన్నీ ఎక్కణ్ణించి వస్తాయి, ఎవరు పూయిస్తారు అని నేను అడిగిందే అడుగుతుంటే, ఆయన విసుక్కోకుండా ఒక్కొక్కటీ నొక్కి చూపించాడు. మా ఆయన మాత్రం, మా పిల్లని తామరపువ్వులో పెడితే ఒప్పుకోనని ఖరాఖండీగా చెప్పేశారు. బయల్దేరే ముందు నేను వెనక్కి వెళ్ళి, మూడు ముళ్ళూ బాగా కనపడాలి బాబూ, మా అప్ప చూడాలి అని రహస్యంగా చెప్పాను.

"మీ అప్పగారు పెళ్ళికి రావడం నేదేటమ్మా?" అని అడిగాడాయన.

వస్తారు, ఉగ్రాణంలో ఉంటారు అన్నాను. ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, సరేనమ్మా అన్నాడు. ఎన్నో పెళ్ళిళ్ళు తీసిన మనిషి, ఇంకేమీ అడగలేదు.

పెళ్ళి పొద్దుటి ముహూర్తం. కెమేరా పంక్తుల మీదికి రాగానే అప్పటిదాకా హాయిగా తింటున్న వాళ్ళంతా బొమ్మల్లా బిగుసుకుపోవడం, వడ్డించేవాళ్ళు ఒకే గారెని మూడుసార్లు వేసి తియ్యడం, అవన్నీ మీరూ చూసినవే. నేను ఎప్పటిలాగే, ఎవరూ చెప్పకుండానే, ఉగ్రాణం తాళంచెవి నా చేతులతో అప్ప చేతిలో పెట్టాను. వీడియో పెట్టించాం కదా, ఇంక ఆమెకి లోటేముంది అన్న తృప్తి కూడా నాకుంది. తాళి కట్టేటప్పుడు ఎవరూ ఆగమనలేదు, దీపం ఆరలేదు, మా ఆయన ఊపిరి పీల్చుకున్నారు.

రెండు నెలలకి డీవీడీలు వచ్చాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం, అమ్మాయీ అల్లుడూ వచ్చిన రోజు, అప్పని పొందూరు నుంచి రప్పించి టీవీకి ఎదురుగా అందరికంటే ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాను. అప్ప ఉతికిన చీర కట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని, గుళ్ళో కూర్చున్నట్టు కూర్చుంది. మొదటి డీవీడీ అయ్యింది. రెండోది పెట్టాం. మేళం జోరందుకుంది. అల్లుడు తాళి పట్టుకుని లేచాడు. సరిగ్గా అప్పుడు టీవీ నిండా ఒక వీపు అడ్డం వచ్చింది. ఆకుపచ్చ పట్టుచీర, ఎర్రంచు. నా వీపే. కన్నకూతురి మెడలో తాళి పడుతోందన్న ఆత్రంలో ముందుకి వంగిపోయి, మూడు ముళ్ళూ పడేవరకూ అలాగే ఉండిపోయాను.

అప్ప ఏం చేసిందో తెలుసా? నా పక్క నుంచి చూద్దామన్నట్టు టీవీ ముందు మెడ ఇటు వంచింది, మళ్ళీ అటు వంచింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. నేనూ నవ్వబోయాను. ఇంతలో నేను పక్కకి తప్పుకోవడమూ, ఎంత మొత్తుకున్నా వినని ఆ తామరపువ్వు విచ్చుకుని అమ్మాయినీ అల్లుణ్ణీ మింగెయ్యడమూ ఒక్కసారే జరిగాయి. మా ఆయన తిట్లు లంకించుకుని, వెనక్కి తిప్పుదామని రిమోట్ అందుకున్నారు.

పువ్వు ముడుచుకుంది. అక్షింతలు పడుతున్నాయి. కెమేరా పీటల మీంచి జనం మీదికి తిరిగింది, జనాన్ని దాటింది, మండపం చివర ఉగ్రాణం గుమ్మం దగ్గరికి వెళ్ళి ఆగింది. బోర్లించిన గంగాళం మీద ఎక్కి, ఒక చేత్తో గుమ్మం పట్టుకుని, మునివేళ్ళ మీద నిలబడి ఉంది మా అప్ప. రెండో చేతి గుప్పిట్లో అక్షింతలు. మెడ అటూ ఇటూ వంచి చూస్తోంది, అచ్చం ఇప్పుడు టీవీ ముందు వంచినట్టే. తర్వాత ఆ అక్షింతలు విసిరింది. అవి నాలుగడుగులు కూడా పోలేదు, ముందున్న ఖాళీ గుండిగల్లో పడ్డాయి.

మా ఆయన కంగారులో వెనక్కి తిప్పబోయి ఆపే మీట నొక్కారు. గంగాళం మీద అప్ప అలాగే నిలబడిపోయింది.

కుర్చీలో అప్ప కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, దొంగతనం బయటపడిన దానిలాగ, "తప్పైపోనాదే సెల్లీ. ముందుకి రానేదు, అక్కడే నిల్సున్నాను. కనపడనూ నేదు, నీ ఈపే అడ్డొచ్చీసినాది" అంది.

కోప్పడుతుందని అనుకుంటే నాకు క్షమాపణ చెప్పింది. నా కూతురి పెళ్ళిని దూరం నుంచి చూడబోయినందుకు, నాకు. మా అమ్మాయి వెళ్ళి అప్ప ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అప్ప అడిగింది వీడియో కాదు, ఎలా అడగాలో తెలియక ఆ పేరుతో అడిగింది. వీడియో వద్దని కొన్నాళ్ళు, పెట్టిద్దామని కొన్నాళ్ళు ఇంత చర్చ చేశామే, పీటలకి ఎదురుగా ఒక్క కుర్చీ వేద్దామన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. స్టూడియో ఆయనకి వచ్చిందేమో. ఆయన కెమేరా తిప్పుతూ తిప్పుతూ అటు వెళ్ళాడో, కావాలనే వెళ్ళాడో నేను అడగలేదు. అడుగుదామని చాలాసార్లు అనుకున్నాను. ఎప్పుడో వెళ్తే, ఆ మేడమీద చెప్పుల దుకాణం ఉంది.

నాలుగేళ్ళకి మా చిన్నమ్మాయి పెళ్ళి వచ్చింది. అప్పని తీసుకురావడానికి మా ఆయనా నేనూ స్వయంగా పొందూరు వెళ్ళాం. ముందు కుర్చీలో కూర్చోవాలంటే అప్ప భయపడిపోయింది, నలుగురూ ఏటనుకుంటారే అంది. "ఉగ్రాణం తాళం బామ్మర్దికి ఇచ్చీసేను వదినా, మీరడిగినా ఇవ్వడు" అన్నారు మా ఆయన. తర్వాత ఆయనే, ఈసారి ఇంకా మంచి వీడియో పెట్టిస్తానన్నారు. దానికి అప్ప నవ్వి, "నాకెందుకు బాబూ, నేను సూస్తాను కదా" అంది. ఆమెకి వద్దన్నాక మాకు మాత్రం ఎందుకని ఆ పెళ్ళికి వీడియో పెట్టించలేదు.

పెళ్ళిరోజు అప్ప మొదటి వరసలో కూర్చుంది. సరిగ్గా తాళి వేళకి బంధువుల్లో ఒక పెద్దాయన గొంతు సవరించుకుని, ఎవరికో చెప్తున్నట్టుగా ఏదో అన్నాడు. అప్ప కుర్చీలోంచి సగం లేచింది. కెమేరా కోసం మంత్రం ఆగకూడదన్న మనిషి, మా ఆయన, పంతులుగారి వైపు చెయ్యి చూపించి ఆపారు. మేళం కూడా ఆగింది. "కూకోండి వదినా. మీరు కూకున్నాకే తాళి" అన్నారు. అప్ప కూర్చుంది. మంత్రం మళ్ళీ మొదలైంది.

అప్ప పోయి ఇప్పటికి చాలా ఏళ్ళయింది. మా పెళ్ళిళ్ళలో ఇప్పుడు భర్త పోయిన వాళ్ళు ముందే కూర్చుంటున్నారు, ఎవరూ గొంతు సవరించుకోవడం లేదు. ఉగ్రాణమన్న మాటే పోయింది. క్యాటరింగ్ వాళ్ళు వ్యాన్లో అన్నీ తెచ్చి, వ్యాన్లోనే పట్టుకుపోతున్నారు, తాళంచెవి ఎవరి చేతిలోనూ పెట్టక్కర్లేదు. ఆ మార్పు నాకు నచ్చింది. పోయిన వాటిలో పోవలసినవి కూడా ఉంటాయి.

తమ్ముడికి రేపు ఫోన్ చేసి వీడియో పెట్టించమనే చెప్తాను. ఎగిరేది ఎగిరినా సరే, కింద తిరిగే రెండిట్లో ఒకదాన్ని మాత్రం ముళ్ళు పడే వేళ కుర్చీల వైపు తిప్పి ఉంచమంటాను. ఎందుకంటే మా చిన్నమ్మాయి పెళ్ళిలో నేను ఈసారి నా వీపు అడ్డు రాకూడదని జాగ్రత్తగా పక్కకి ఒదిగి నిలబడి, కూతురి మెడవైపే చూస్తూ ఉండిపోయాను, వెనక్కి తిరగలేదు. ఫోటోలన్నీ పీటలవి, ఫోన్లలో తీసినవీ పీటలవే. ఆ దగ్గర్లో కూర్చున్న వాళ్ళందర్నీ అడిగాను. అప్ప ఏడ్చిందని ఒకరంటారు, నవ్విందని ఒకరంటారు, రెండు చేతులూ జోడించిందని మా మరదలు అంటుంది. ఎన్నో ఏళ్ళు తలుపు చాటున ఉండిపోయి, చివరికి ఎదురుగా కూర్చుని ఆ మూడు ముళ్ళూ చూస్తున్నప్పుడు మా అప్ప ముఖం ఎలా ఉందో నాకు తెలీదు.